ఉప్పు లేని శ్రావణం

నేను పరిగెత్తేదాన్నని చెప్తే ఇప్పుడు కొత్తవాళ్లు నమ్మరు. ఎడమ కాలు కొద్దిగ ఈడుస్త. మాట ఒక్కోసారి నాలుక మీదనే ఆగిపోతది. అయినా కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వ మీద ఇరవై ఒక్క కిలోమీటర్లు ఎక్కడా కూర్చోకుండ పరిగెత్తి వచ్చిన మనిషిని నేను. దాన్ని హాఫ్ మారథాన్ అంటరు. నా జీవితంల అది ఒక్కసారే. ఆ పొద్దే నా సోయి, నా తెలివి నా చేతుల నుంచి జారిపోయింది. తిరిగి వస్తదా, వస్తే ఎంత వస్తది అని రెండేండ్లు ఎదురుచూసిన. ఇప్పుడు గండం దాటింది. చెయ్యి వణకకుండ రాయగలుగుతున్న కాబట్టి, ఇంకెవరికన్న పనికొస్తదేమోనని రాస్తున్న. రాసుకుంటే నాకు కూడ కొంత కుదురు.

2009ల మా ఆయన దుబాయి నుంచి తిరిగొచ్చిండు. మా దిక్కు దుబాయి పోయినోళ్లు కొందరు పెట్టెలల్ల వస్తరు. మా ఆయన తన కాళ్ల మీద నడుచుకుంట బస్సు దిగిండు. అంతకంటే ఏం కావాలె? ఆ సంతోషానికి స్వామికి మొక్కుకున్న, బతికినన్ని రోజులు శ్రావణమాసమంత ఉప్పు ముట్టనని. శ్రావణ శనివారాలు చప్పిడి కూడు తినేటోళ్లు మా ఇండ్లల్ల ఉన్నరు. నేను నెల మొత్తం తింటనన్న. కష్టమనిపియ్యలేదు. ఉప్పు లేని ముద్ద మింగినప్పుడల్ల ఆయన బస్సు దిగుడే కండ్ల ముందర ఆడేది.

ఆయన ఆటో కొనుక్కొని గాంధారి దాక సవారీలు కొట్టుడు మొదలుపెట్టిండు. అదే చలికాలం నా మోకాళ్లు పట్టేస్తున్నయని డాక్టర్ నడవమంటే పొద్దుగాల కాలేజీ గ్రౌండుకు పోయిన. అక్కడ పింఛన్ తీసుకుంటున్న డ్రిల్లు సారు ఒకాయన అందర్ని నడిపిచ్చేటోడు. నా నడక చూసి, "నువ్వు నడిచేదానివి గాదమ్మా, ఉరికేదానివి" అన్నడు. నవ్విన. తెల్లారి ఎవరు లేని మూలకు పోయి ఉరికి చూసిన. ఆయన మాట నిజమే.

చీర కొంగు బొడ్లె చెక్కుకొని, కాళ్లకు బూట్లు ఏసుకొని ఉరుకుతుంటే పాలకు పోయే ఆడోళ్లు ఆగి చూసేటోళ్లు. "సుగుణక్కా, ఎవలు తరుముతున్నరే నిన్ను?" అనేటోళ్లు. మా ఆయన వాళ్లకంటే ఒక ఆకు ఎక్కువ చదివినోడు. "ఉరకనీయుండ్రి. ఎన్నడన్న నా ఆటో ఖరాబైతే సవారీలను ఈమెనే మోస్తది" అనేటోడు. అంటూనే రోజూ నా బూట్లు దులిపి గడప కాడ పెట్టేటోడు.

నాకు బడి లేదు. బడి దూరమని బాపు ఇంట్లనే పలక మీద అక్షరాలు దిద్దిచ్చిండు. నన్ను కన్న అవ్వ దేవుని పాటలు నేర్పింది. నా చదువంత అంతే. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకు ఒక్కో మాట ఏసుకుంట అవ్వ పాటలు లోపల పాడుకునేదాన్ని. ఊపిరి, పాట, అడుగు ఒక్కటైనప్పుడు నాకు గుడికి పోయినంత నిమ్మళముండేది. పరుగు నాకు పతకాల కోసం గాదు. ఇంటి పని ముట్టకముందు దేవునితోని నేనొక్కదాన్నే ఉండే సమయం అది.

2012 శ్రావణంల గ్రౌండుకు వచ్చేటోళ్లంత కలిసి హాఫ్ మారథాన్ పెట్టుకున్నరు. బ్యాండ్లు, బహుమతులు ఏం లేవు. ఎల్లారెడ్డి తొవ్వ పట్టుకొని పోయి, సగం కాడ మళ్లి గ్రౌండుకే రావాలె. తొవ్వ పొడుగున ఊర్లోళ్లు బల్లల మీద నీళ్లు పెట్టిన్రు. మబ్బు పట్టి ఉన్నది, ఎండ లేదు. నేను అందరికంటే వెనుక ఉన్న. నాకు తొందర లేదు.

మా అవ్వ చిన్నప్పటిసంది ఒక మాట చెప్పేది. ఎవరు నీళ్లిచ్చినా వద్దనొద్దు, వద్దంటే గంగమ్మను వద్దన్నట్టు. ప్రతి బల్ల కాడ ఎవరో ఒకరు చెంబు ముందుకు పట్టి "తాగు తల్లీ" అనేటోళ్లు. ఒక చోట ముసలామె ఇంట్ల నుంచి కుండ నీళ్లు తెచ్చి, వణికే చేతులతోని పట్టుకొని నా కోసమే నిలబడ్డది. ఎట్ల వద్దంట? దూప లేకున్నా తాగిన. ప్రతి చోటా తాగిన.

మళ్లే కాడ డ్రిల్లు సారు నిమ్మకాయ నీళ్లు ఇస్తున్నడు. "ఇండ్ల ఉప్పేసిన్రా సారూ?" అని అడిగిన.

"ఉప్పు, చక్కెర రెండు ఉన్నయి. తాగు, సత్తువొస్తది."

"శ్రావణం సారూ. ఉప్పు ముట్ట."

సారు గ్లాసు కిందికి దించిండు. "నీ భక్తి నీది బిడ్డా. నేనేమంట? మంచినీళ్లన్న సరింగ తాగు" అన్నడు. సరింగ తాగిన.

గ్రౌండుకు ఆఖరిదాన్నిగ వచ్చిన. చప్పట్లు కొట్టిన్రు. గాజులు చేతికి బిగిసిపోయినయి, ఉంగరం తిరగలేదు. తల దిమ్మెక్కింది. నీరసమనుకొని ఇంకో చెంబు నీళ్లు తాగిన. ఆ పొద్దే ఎల్లారెడ్డిల మా అన్న ఇంటి కాడ పోచమ్మ బోనాలు, అవ్వ గూడ అక్కడనే ఉన్నది. స్నానం చేసి, సీసాల నీళ్లు పట్టుకొని బస్సెక్కిన. మా ఆయన సవారీలు దించి పొద్దుమూకేయాళ్లకు వస్తనన్నడు. బస్సుల రెండుసార్లు కక్కిన. వదిన నా నెత్తి మీద బోనం పెట్టుడు, డప్పు మోత చెవుల్లకు గాదు పండ్లల్లకు తాకుడు, అక్కడి దాకనే నాకు యాదున్నది.

ఆ తర్వాతది మా ఆయన, అవ్వ చెప్పిందే రాస్తున్న.

నాలుగిండ్లు దాటకముందే నేను ఊగిననట. కండ్లు మీదికి తేలినయట. ఏదో గొణిగిననట. "అమ్మొచ్చింది, అమ్మొచ్చింది" అని డప్పులు ఇంకింత గట్టిగ కొట్టిన్రు. ఎవరిని తప్పుపడుత? బోనం కింద ఊగిన ఆడమనిషిని చూసి రోగమనుకునేటోళ్లు మా దిక్కు ఎవరున్నరు? నేనే అక్కడుంటే నేను గూడ చేతులు జోడిస్తుంటి. బోనం దించి, ఇంట్లకు తీసుకపోయి, పసుపు నీళ్లు నెత్తిన పోసి, చేతుల వేపమండలు పెట్టి, ఇంకా నీళ్లు తాపిన్రు.

అందరు కష్టాలు అడిగిన్రట. అన్న ఇంటికి ఎదురుంగ ఉండే నర్సవ్వ గూడ అడిగింది. మేమంత ఆమెను నర్సక్క అంటం. బీడీలు చేసుకొని బతుకుతది. ఆమె పెనిమిటి గల్ఫ్ పోయి చాన ఏండ్లయింది. మొదట్ల ఫోన్లు వచ్చేటివి, తర్వాత బందయినయి. ఉన్నడో లేడో ఎవరికి ఎరుక లేదు. "అమ్మా, నా మనిషి వస్తడా?" అని నా కాళ్లు పట్టుకున్నదట. "వస్తడు" అన్ననట నేను. ఆమె ఇల్లంత వినపడేటట్టు ఏడ్చిందట.

మా ఆయన వచ్చి నా మొఖం చూసిండు. "ఇదేం అమ్మ బావా? దీని మూతి వంకరపోతున్నది. దవాఖానకు తీస్కపోత."

"అమ్మ ఒంటి మీదున్నప్పుడు గడప దాటిస్తరా ఎవరన్న?" అన్నడు అన్న. "శాంతిచ్చినంక తీస్కపో."

"అప్పటిదాక పాణముండాలె గద!"

"దుబాయి పోయొచ్చి దేవుండ్లను మరిచినవ్ నువ్వు."

"దుబాయిల సచ్చేటోళ్లను చూసిన బావా. గా కండ్లు నాకు ఎరుకే."

వాళ్లు మాట మీద మాట పెంచుకుంటున్నప్పుడే నేను కింద పడి కొట్టుకున్ననట. చేతుల తాళంచెవి పెట్టిన్రు. ఆగలేదు. అప్పుడు అవ్వ లేచింది. "నా బిడ్డను తీస్కపో అల్లుడా. అమ్మకు నేను జవాబు చెప్పుకుంట" అన్నది. తలుపు కాడ ఆడోళ్లు అడ్డముంటే నెట్టుకుంట నన్ను ఎత్తుకపోయి ఆటోల పండుకోబెట్టిండు. కామారెడ్డి దాక నా తల అవ్వ ఒళ్లె ఉన్నది. నేను పొద్దుగాల పరిగెత్తిన తొవ్వే అది.

కామారెడ్డిల ఒక ప్రైవేటు దవాఖానల చేర్చుకున్నరు. డాక్టరమ్మ బయటికొచ్చి, నెత్తురుల ఉప్పు పడిపోయింది, ఒంట్ల నీళ్లెక్కువై మెదడు వాచింది, ఇంకింత ఆలస్యమైతే మనిషి దక్కకపోతుండె అన్నదట. మా అవ్వకు నెత్తికెక్కలేదు. "ఉప్పు తక్కువై పాణం పోతదా అమ్మా? గరీబోళ్లమే గని, ఇంట్ల ఉప్పుకు కరువు లేదు" అన్నదట. మా ఆయన ఆ మాట చెప్పి ఇప్పటికి నవ్వుతడు. ఆ పొద్దు ఎవరు నవ్వలేదు.

వార్డు బయట బెంచీ ఒక్కటే. తెల్లారి అన్న వచ్చి దాని ఒక చివరకు కూర్చున్నడు, మా ఆయన ఇంకో చివరకు. నడుమ అవ్వ. అవ్వ రొట్టె తుంచి ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు పెట్టేది. డాక్టరమ్మ ఏమన్నదో మా ఆయన అవ్వకు చెప్పేటోడు, అవ్వ అదే మాట పక్కకు తిరిగి అన్నకు చెప్పేది. వింటూనే ఉన్నడు గద, మళ్ల చెప్పుడెందుకని ఎవరు అడగలేదు. నేను కండ్లు తెరిచిన దినం ఇద్దరు ఒక్కసారే లేచిన్రట. తలుపు కాడ భుజాలు తాకితే ఇద్దరు ఆగిన్రట. మా ఆయన లోపలికొచ్చిండు. అన్న వెనక్కి మళ్లి పోయిండు.

కండ్లు తెరిచిననని వాళ్లు సంతోషపడ్డరు గని నాకు నేను దొరకలేదు. మా ఆయన ఎవరో ఎరుకే, పేరు నోట్లకు రాదు. నాలుక నాది గానట్టుండె. మంచం దిగితే నేల పడవ లెక్క ఊగింది. గాంధారి దిక్కు తండా నుంచి వచ్చిన నర్సు పిల్ల ఒకామె ఉండె అక్కడ. రోజూ నా తల దువ్వేది. దువ్వెన చూపిచ్చి, "అక్కా, ఇదేంది?" అనేది. అదేందో నాకు ఎరుకే. దాని మాట మాత్రం ఎక్కడనో పడిపోయింది. నేను ఏడిస్తే, "రాకుంటే మానె అక్కా. రేపడుగుత. నాకేమన్న తొందరున్నదా?" అనేది. ఆ పిల్ల చేతులు సల్లగుండ. దీపం పెట్టినప్పుడల్ల ఆమెను తలుసుకుంట.

ఇంటికి తెచ్చినంక ఇంకో భయం పట్టుకున్నది. అవ్వ నేర్పిన పాట మొదలుపెడితే రెండో మాట దొరకదు. బాపు దిద్దిచ్చిన అక్షరాలు పుస్తకంల చీమల లెక్క పాకుతున్నయి. నా చదువంత ఇంట్లది, మళ్లీ పోయి కూర్చునేటందుకు నాకు బడి గూడ లేదు. బాపు లేడు. ఇవి పోతే నేనెవరిని? దేవుని ముందర కూర్చొని చేతులు జోడిచ్చేదాన్ని, అంతే. లోపల ఒక్క మాట ఉండేది గాదు. ఆ ఖాళీ గూడ ఆయన వింటడని నమ్మిన. కొన్ని దినాలు అది గూడ నమ్మలేదు.

చూడొచ్చేటోళ్లు రెండు తీర్ల వచ్చేటోళ్లు. కొందరు కొబ్బరికాయ తెచ్చి కాళ్లు మొక్కేటోళ్లు. నాకు మాట రాకుంటే, "అమ్మ మౌనం పట్టింది" అనేటోళ్లు. మా ఆయన కోపానికొచ్చి "అమ్మ రాలే ఏం రాలే, ఉప్పు తక్కువై పడ్డది" అంటే, "డాక్టర్లకేం ఎరుక బిడ్డా" అని ఆయన మీదనే జాలిపడేటోళ్లు. ఇంకొందరు గుమ్మం కాడనే నిలబడి, "మతి మంచిగున్నదా?" అని గుసగుసగ అడిగేటోళ్లు. ఒకరికి నేను దేవత, ఒకరికి పిచ్చిది. నడుమ సుగుణ ఎక్కడున్నదని అడిగినోళ్లు తక్కువ.

డ్రిల్లు సారు ఒకనాడు వచ్చిండు. కుర్చీల కూర్చొని టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నడు. "బలవంతంగనన్న తాపాల్సింది బిడ్డా నేను" అని పెద్దమనిషి కండ్లు తుడుచుకున్నడు. వద్దన్నది నేనే గద సారూ అని చెప్పాలని నోరు తెరిస్తే "వద్దు, వద్దు" అన్న కాడనే ఆగిపోయింది. ఏమనుకున్నడో, దండం పెట్టి లేచిపోయిండు.

నర్సక్క మాత్రం ప్రతివారం వచ్చేది. బీడీల ఆకు ఇయ్యక పని లేని రోజు చూసుకొని ఎల్లారెడ్డి నుంచి బస్సుల వచ్చేది. నా కాలుకు నూనె రాసి పిసికేది. ఇంట్ల వస్తువులు ఒక్కొక్కటే తెచ్చి నా ముందర పెట్టి, "ఇది చాట. అను. ఇది కత్తెర. అను" అనేది. కన్నతల్లికి గూడ అంత ఓపిక ఉండదు. అయినా ఆమె వస్తున్నదంటే నాకు భయమే. "పోచమ్మనే చెప్పింది, నా మనిషి వస్తడు" అని ఊరంత చెప్పుకుంటున్నదని వదిన నోట వచ్చింది. ఈమె నా నోరు బాగుచేస్తున్నది ఆ నోటి నుంచి అమ్మ ఇంకోసారి మాట్లాడాలనే అనుకున్న. అది అమ్మ మాట గాదని చెప్పాలె. చెప్పేటందుకే మాట లేదు. స్వామీ, నా నోరు నాకియ్యి, ఆమెకు చెప్పాల్సింది ఒకటున్నదని రోజూ మొక్కిన.

2013 వచ్చింది. మా ఆయన రెక్క పట్టుకొని గ్రౌండు చుట్టు ఒక్క చుట్టు నడిచిన. ఉరికేటోళ్లు పక్క నుంచి పోతుంటే గాలి తాకింది. పరుగు ఇక లేదని అప్పుడే ఎరుకైంది, ఎవరు చెప్పలేదు. ఇంటికొచ్చి బూట్లు అక్క బిడ్డకు ఇచ్చేసిన.

శ్రావణం మళ్లొచ్చినప్పుడు ఇంట్ల ఎవరు ఆ సంగతి ఎత్తలేదు. అవ్వనే కూరల ఉప్పేసి, అన్నం కలిపి ముద్ద చేసి నా నోటి కాడ పెట్టింది. "దేవుడు నీ ఉప్పు తిని బతుకుతున్నడా? తిను" అన్నది. తిన్న. కండ్లల్ల నీళ్లు కారి ఆ ముద్ద ఇంకింత ఉప్పగైంది. మొక్కు తప్పిన దానినా, మొక్కు తీరిన దానినా, ఇప్పటికి నాకు ఎరుక లేదు. నాలెక్క ఉపవాసాలుండే అక్కచెల్లెండ్లకు మాత్రం ఒక్కటి చెప్త. ఒళ్లు అలిసే పని పెట్టుకున్న దినాన చప్పిడి ఉండకుండ్రి, దూప లేకుండ నీళ్లతోని కడుపు నింపుకోకుండ్రి. బోనం కింద ఎవరన్న ఊగితే మొక్కుండ్రి, తప్పులేదు. మూతి వంకరపోతే మాత్రం దవాఖానకు తీస్కపోండ్రి. మొక్కుడు తర్వాతనన్న మొక్కొచ్చు.

అన్న, మా ఆయన ఇంకా మాట్లాడుకుంటలేరు. రాఖీ కట్టిచ్చుకునేటందుకు అన్ననే వస్తడు, మా ఆయన ఆటో తీసుకొని బయటికి పోతడు. వాళ్లకు నా మీద ప్రేమ ఎక్కువై వచ్చిన పగ అది. ఎవరికి సర్దిచెప్త?

2014 ఎండకాలం నాటికి అక్షరాలు నిలబడ్డయి. పాటలు సగం వచ్చినయి. మాట నెమ్మదిగైనా పూర్తిగ వస్తున్నది. చెప్పాల్సింది ఇక ఆపొద్దనుకున్న. నర్సక్క వచ్చి కాలుకు నూనె రాస్తున్నది.

"నర్సక్కా, నీకో మాట చెప్పాలె."

"చెప్పు. పైలంగ చెప్పు."

"ఆ పొద్దు... వస్తడన్నది... అమ్మ గాదు. నాకు సోయి లేకుండె. నువ్వు అడిగింది గూడ నాకు యాది లేదు."

ఆమె చేతులు ఆగలేదు. "ఎరుకే" అన్నది.

నాకు అర్థం గాలేదు. "ఎప్పటిసంది?"

"నువ్వు పడి కొట్టుకున్నప్పటిసంది. అమ్మొచ్చినోళ్లను మస్తు మందిని చూసిన చెల్లే. ఎవరికి గట్ల నోట్ల నురగ రాదు. పాణం మీదికొచ్చిందని నాకు ఎరుకైంది. అయినా మీ ఆయన నిన్ను ఎత్తుకొని వస్తుంటే తలుపుకు చేతులు అడ్డం పెట్టింది నేనే. ఎప్పుడొస్తడో గా ఒక్క మాట చెప్పి పోవాలని ఒర్రిన. ఆయన నెడితే గోడకు పడ్డ."

"మరి ఊరంత చెప్పుకుంటివి గద, పోచమ్మ చెప్పిందని?"

"గట్ల చెప్తే ఇంకెవరు అడగరు. నీ పెనిమిటి కబురొచ్చిందా, పుస్తె తీసేస్తవా, గిట్ల ఏది అడగరు." అప్పుడు చేతులు ఆపింది. "నీ కాలు పిసికింది అమ్మ కోసం గాదు. డాక్టరమ్మ ఇంకింత ఆలస్యమైతే దక్కకపోతుండె అన్నదని మీ అవ్వ చెప్పింది. గా ఆలస్యంల నాది గూడ ఉన్నది."

నాకు కోపం రావాలె. లోపల వెతికిన, దొరకలేదు. రెండేండ్లు నా కాలు పట్టుకున్న చేతులు అవి.

నర్సక్క నూనె చేతులు చీరకు తుడుచుకొని నా ఎదురుంగ కూర్చున్నది. "అమ్మను అడుగుతలే. నిన్నడుగుత. సుగుణా, ఇప్పుడు నువ్వు సోయిల ఉన్నవ్. నువ్వు చెప్పు. వస్తడా?"

నా నోరు నాకియ్యమని మొక్కిన. ఇచ్చిండు. ఇందుకా ఇచ్చింది అనిపిచ్చింది. ఆమె కండ్లల్లకు చూసిన.

"రాడు నర్సక్కా. రాడనే అనిపిస్తున్నది నాకు."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. చాట, కత్తెర ఎక్కడివి అక్కడ పెట్టింది. బస్సుకు యాళ్లయితున్నదని లేచి చెప్పులు తొడుక్కొని పోయింది.

ఆకు ఇయ్యని రోజు మళ్లొచ్చింది. ఇక రాదనే అనుకున్న. బువ్వ తినే యాళ్లకు గుమ్మం ముందర చెప్పుల సప్పుడైంది. చేతుల నూనె సీసా లేదు.

"ఇయ్యాల ఏం అడగ" అన్నది. "ఊకె కూసుందామని వచ్చిన."

జరిగి, చాప మీద చోటిచ్చిన.